మహబూబ్‌నగర్‌ల లినక్స్ సిస్టం స్లో అయితే చూసే దుకాణం: నా రివ్యూ

ఐదుకు నాలుగు వేసిన. పనికైతే ఐదు ఇయ్యొచ్చు, పద్ధతికి మూడే, కలిపి నాలుగు. పాలమూరుల లినక్స్ (విండోస్ బదులు వేసుకునే సిస్టం) ఉన్న డెస్క్‌టాప్ మొరాయిస్తే ఎవరికి చూపియ్యాలె అని వెతుక్కునేటోళ్ల కోసం రాస్తున్న, ఎందుకంటే నేను వెతికిన్నాడు ఒక్క ముక్క కూడ దొరకలే.

దుకాణం న్యూటౌన్ దిక్కు ఉంటది, మెడికల్ షాపు పక్క నుంచి మెట్లెక్కి పోవాలె. బోర్డు మీద దుకాణం పేరు కంటే "ఇచ్చట టోనర్ నింపబడును" అన్న అక్షరాలే పెద్దగ ఉంటయి. పేరు రాయొద్దని ఆయనే మొత్తుకున్నడు. "ఉన్న గిరాకీకే టైం చాలట్లే అక్కా. నెట్ల పెడితే హైదరాబాద్ కెళ్లి ఫోన్లు చేసి మా లాప్‌టాప్ ఎట్ల బాగు చెయ్యాలె అని అడుగుతరు, ఒక్కరు కూడ రారు." సరే, రాయట్లే.

నాది కాలేజీ రోడ్డు మీద జిరాక్స్, ఆన్‌లైన్ సెంటరు. దోస్త్ డిగ్రీ అడ్మిషన్లు, ఎప్‌సెట్, స్కాలర్‌షిప్పులు, టీజీపీఎస్సీ ఫారాలు, నడిమిట్ల తెలుగు టైపింగ్ పని. కోయిల్‌కొండ, హన్వాడ, దేవరకద్ర దిక్కు పిల్లలు పొద్దుగాల్నే బస్సు దిగి నేరుగ వస్తరు. ఒక్కొక్కరి తాన ఆధార్, ఇన్‌కం, క్యాస్టు, మెమోలు, ఫోటో, సంతకం. అన్ని స్కాన్ చెయ్యాలె, సైజు తగ్గియ్యాలె, అప్‌లోడ్ చెయ్యాలె. ఫారం మీద ఫారం. కంప్యూటర్ ఆగిందంటే మనిషి ఎదురుంగ నిలబడి ఉంటడు, ఆ పిల్ల బస్సు టైం కూడ అయితుంటది.

సిస్టం పాతదే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ల కొన్న సెకండ్ హ్యాండ్ ఆఫీసు డెస్క్‌టాప్: ఇంటెల్ మూడో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యాం, 500 జీబీ హార్డ్ డిస్క్. దాంట్ల విండోస్ 10 ఉండె. 2025 అక్టోబర్ 14తోని దానికి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. విండోస్ 11 కేమో ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే అధికారికంగ ఒప్పుకుంటది, నాది మూడోది. పదిమంది ఆధార్ కాగితాలు పెట్టుకునే మిషన్‌ల అప్‌డేట్లు లేని విండోస్ ఎందుకని, హైదరాబాద్‌ల చదువుకునే మా అక్క కొడుకు లినక్స్ మింట్ 22 వేసి పోయిండు. అన్నిట్ల తేలికది అని ఎక్స్‌ఎఫ్‌సీఈ రకమే వేసిండు. మొదట్ల మంచిగనే నడిచింది. క్రోమ్, స్కానర్, ప్రింటర్, తెలుగు టైపింగ్, నాకు కావాల్సినయి అన్ని ఉన్నయి.

తర్వాత మొదలైంది కిరికిరి. రెండు రకాలుగ సతాయించేది. ఒకటి, రోజంత ఉండే మెత్తదనం: ట్యాబ్ మారిస్తే తెల్లగ నిలబడుడు, నేను కొట్టిన అక్షరాలు జర సేపాగి గుంపుగ వచ్చుడు. రెండోది అసలు సిసలు గండం: ఉన్నట్టుండి మొత్తం బిగుసుకపోయేది. మౌస్ కదులుతది, ఏది నొక్కినా పలకది, డబ్బా మీద డిస్క్ పని చూపెట్టే ఎర్ర లైటు ఆరకుంట ఎలుగుతనే ఉంటది. అర నిమిషం గట్ల ఉండి, మల్ల ఏమీ కానట్టు నడుస్తది. సరిగ్గ ఓటీపీ టైంల గిట్ల అయితే ఇగ జూడు.

ఊర్ల అడిగిన. ఒక తాన "లినక్స్ తీసేసి విండోస్ వేస్త, 500 ఇయ్యి, అదే సెట్ అయితది" అన్నరు. ఇంకో తాన మిషన్ చూడకముందే ఫోన్లనే "ర్యాం వెయ్యాలె" అన్నరు. మరొకరు పాతది మార్చుకుని కొత్తది తీసుకొమ్మన్నరు. ఎవరూ దాన్ని ఆన్ చేసి చూడలే. ఈ దుకాణానికి, మిగితావాటికి తేడా ఇక్కడనే ఉన్నది.

ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట: "సీపీయూ ఒక్కటే కాదక్కా, స్కానర్ కూడ పట్టుకరా. నువ్వు రోజు చేసే పని ఇక్కడ నా ముందట చెయ్యి." స్కూటీ మీద ముందట డబ్బా, భుజానికి స్కానర్ సంచి. పోతే ఒక టేబుల్ ఖాళీ చేసి, మానిటర్ తగిలిచ్చి, నన్నే కుర్చీల కూసోబెట్టిండు. ఆయన పక్కన స్టూలు మీద. "గిరాకీ వచ్చిండు అనుకో. మొదలువెట్టు."

నేను క్రోమ్ తెరిచి నా మామూలు ట్యాబ్‌లన్ని పెట్టిన, పీడీఎఫ్‌లు తెరిచిన, లిబ్రెఆఫీస్ తెరిచిన, స్కాన్ మొదలువెట్టిన. ఆయన స్క్రీన్ మూలకు ఒక చిన్న నల్ల కిటికీల టాప్ అనే కమాండు నడిపిస్తున్నడు. మా అక్క కొడుకు కూడ అదే తెరిచి చూపెట్టిండు ఓసారి, కని అది చూసి "సీపీయూ ఖాళీగనే ఉన్నది పిన్నీ, మరెందుకు స్లో ఉన్నదో" అని తల గోక్కున్నడు. ఈయన చూసింది వేరే అంకె. పైన మూడో వరుసల సీపీయూ లెక్కలుంటయి కద, అండ్ల డబ్ల్యూఏ అనే దాని ముందట 70 దాటి కనిపిస్తున్నది. ఐడీ, అంటే నిజంగ పని లేక ఉన్న భాగం, 15 దగ్గర. పైన లోడ్ యావరేజ్, అంటే వరుసల ఉన్న పనుల సగటు లెక్క, 9 చిల్లర.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్త. వంటమనిషి పొయ్యి ముట్టిచ్చి గంటె పట్టుకుని కూసున్నడు, నీళ్లు తెచ్చేటోడు ఇంక బాయి కాడనే ఉన్నడు. డబ్ల్యూఏ అంటే గట్ల సీపీయూ చెయ్యి ఖాళీ పెట్టుకుని డిస్క్ కోసం ఎదురుచూసిన టైం. లినక్స్‌ల లోడ్ యావరేజ్‌ల ఉరికే పనులే కాదు, డిస్క్ జవాబు కోసం కదలకుంట ఆగిన పనులు కూడ లెక్కకొస్తయి. అందుకే ఒక్కసారి నాలుగు పనులు పట్టే (నాలుగు థ్రెడ్ల) సీపీయూ ఖాళీగ ఉన్నా లోడ్ 9 చూపెడ్తది. "కొత్త ప్రాసెసర్ కొంటే గీ ఎదురుచూపే ఇంక జల్దీ మొదలైతది," అన్నడు. నవ్వకుండనే అన్నడు, ఆయన తీరే అంత.

తర్వాత ర్యాం లెక్క చూపెట్టే ఫ్రీ కమాండు. మొత్తం 3.7 జీబీ, స్వాప్‌ల (ర్యాం చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే జాగ) 1.6 జీబీ పోయి కూసున్నది. ఇక్కడ ఒక మంచి మాట చెప్పిండు: ఫ్రీ అన్న వరుసల అంకె తక్కువుంటే భయపడొద్దు, లినక్స్ ఖాళీ ర్యాంను డిస్క్ ఫైళ్లను జర సేపు దాచుకునే జాగ (క్యాష్) లెక్క వాడుకుంటది, అవసరమైతే వెంటనే ఇడిచిపెడ్తది. చూడాల్సింది అవైలబుల్ అన్న వరుస. నాకు అండ్ల 200 ఎంబీ కూడ లేదు. అంటే ర్యాం నిజంగనే చాలట్లే, చాలని భాగం హార్డ్ డిస్క్ మీదికి పోయి వస్తున్నది. ఫోన్ల "ర్యాం" అని చెప్పినాయన మాట సగం నిజమే అన్నట్టు. కని ఈయన అక్కడ ఆగలే.

"రోజంత స్లో ఉండుడు స్వాప్‌తోని అయితది. అర నిమిషం బిగుసుకపోవుడు మాత్రం దీంతోని కాదు," అని పని అట్లనే చేస్తుండమన్నడు. నేను చేస్తనే ఉన్న. ఇద్దరు గిరాకీలు వచ్చి టోనర్లు ఇచ్చి పోయిన్రు. చివరికి బిగుసుకున్నది. ఎర్ర లైటు. ఆయన చేతి గడియారం చూసుకున్నడు. మల్ల కదిలినంక, డీమెసేజ్ అనే కమాండు కొట్టి కెర్నెల్ (లినక్స్ నడిమి భాగం) రాసుకున్న చిట్టా తీసిండు. చివర్ల ఎర్ర అక్షరాలు, వరుసగ: ఫలానా రీడ్ కమాండు ఫెయిల్, హార్డ్ రీసెట్టింగ్ లింక్, ఆ వెనుక లింకు (డిస్క్‌కు, బోర్డుకు నడుమ దారి) వేగం సెకనుకు 1.5 గిగాబిట్లకు తగ్గించినట్టు ఇంకో వరుస. పైకి పోయి చూస్తే పొద్దున ఆన్ చేసినప్పుడు అదే లింకు 3 గిగాబిట్లతోని లేచింది. డిస్క్ నుంచి జవాబు రాకపోతే కెర్నెల్ 30 సెకన్లు చూస్తదట, అప్పటికీ రాకుంటే లింకును రీసెట్ చేసి మల్ల అడుగుతదట. నా అర నిమిషం గదే.

నేను డిస్క్ పోయింది అనుకున్న. వేరే తాన అయితే అప్పుడే కొత్త డిస్క్ బిల్లు రాస్తుండె. ఈయన స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండు నడిపి డిస్క్ లోపలి లెక్కలు తీసిండు. చెడిపోయి మార్చుకున్న సెక్టార్లు (డేటా పెట్టే చిన్న ముక్కలు) సున్న. మార్చాల్సి మిగిలినయి సున్న. కని 199 నంబర్ వరుస, యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్, 4,318. ఆ అంకె డిస్క్ పలక మీది తప్పులది కాదు. డిస్క్‌కు, బోర్డుకు నడుమ దారిల డేటా చెడిపోయిన లెక్క అది. ఎక్కువగ అయితే కేబుల్.

డబ్బా మూత తీస్తే డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ పవర్ సప్లై కింద నలిగి, కనెక్టర్ దగ్గర వంకర తిరిగి ఉన్నది. లాక్ క్లిప్ కూడ లేదు. ముట్టుకుంటే కదులుతున్నది. దాన్ని తీసి, ఇనుప క్లిప్ ఉన్న కొత్త కేబుల్ వేసి, బోర్డు మీద వేరే పోర్టుకు మార్చిండు. మార్కర్ తీసుకుని డిస్క్ రేకు మీద 4318 అని, కింద తారీఖు రాసిండు. "ఈ అంకె తగ్గదక్కా, అది పుట్టినప్పటి నుంచి లెక్క. పెరగకుంట ఉంటే చాలు. వారం వాడు. పెరిగితే బోర్డు సంగతి చూద్దాం." కేబుల్‌కు 80 రూపాయలు తీసుకున్నడు. నేను ర్యాం కూడ ఇప్పుడే వేసెయ్యమని అడిగిన, మల్ల రానీకి తిప్పలని. ఒప్పుకోలే. రెండు ఒక్కసారి మారిస్తే ఏది దేనితోని బాగైందో తెల్వది అన్నడు. గిరాకీ పైసలు ఇస్తా అంటే వద్దనే దుకాణదారుని నేను మా బజార్ల ఇంకొకర్ని చూడలే.

ఆ వారం బిగుసుకునుడు పూర్తిగ బంద్ అయింది. 80 రూపాయలు! మెత్తదనం మాత్రం అట్లనే ఉన్నది, ఆయన చెప్పినట్టే. మల్ల పట్టుకపోతే మొదట చేసిన పని స్మార్ట్ లెక్క చూసుడు. 4,318 దగ్గరనే ఉన్నది.

అప్పుడు ర్యాం. నా బోర్డు హెచ్61 చిప్‌సెట్‌ది, ర్యాంకు రెండే స్లాట్లు, డీడీఆర్3 రకంవి. రెండో స్లాట్‌ల ఇంకో 4 జీబీ, సెకండ్ హ్యాండ్‌దే, 650. అదే సైజుది పెడితే రెండు చానెళ్లు (ర్యాంకు పోయే దారులు) కలిసి నడుస్తయి, ఇంటెల్ లోపలి గ్రాఫిక్స్ కూడ అదే ర్యాం వాడుకుంటది కాబట్టి దానికి కూడ జర మేలు అని చెప్పిండు. పెట్టినంక ర్యాంను పరీక్ష చేసే మెమ్‌టెస్ట్ పెట్టి రాత్రంత ఇడిచిపెట్టిండు. సెకండ్ హ్యాండ్ ర్యాం అమ్మేటోళ్లు ఈ పని చేసుడు తక్కువ.

ఎస్ఎస్‌డీ (తిరిగే పలక లేని డిస్క్) నేనే అడిగిన. వేయించొచ్చు, కని ఖరీదైంది వద్దన్నడు. హెచ్61 ల సాటా పోర్టులన్ని 3 గిగాబిట్లవే. 6 గిగాబిట్ల ఎస్ఎస్‌డీ డబ్బా మీద సెకనుకు 500 ఎంబీ పైన అని రాసి ఉంటది, నా బోర్డుల దాంట్ల సగమే వస్తది. అయినా ఎందుకు పనికొస్తది అంటే, మన పనిల పెద్ద ఫైళ్ల కంటే చిన్న చిన్న ముక్కలు వెతికి తెచ్చుకునుడే ఎక్కువ. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక్క చుట్టు తిరగాలంటేనే 8 మిల్లీసెకన్ల పైన పడ్తది, ఎస్ఎస్‌డీల తిరిగేదే లేదు. 256 జీబీది, మామూలు రకం, 2,300. పాత హార్డ్ డిస్క్ పారెయ్యలే, అండ్లనే ఉంచి బ్యాకప్‌కు పెట్టిండు. మంచిదే కద అది, పాపం కేబుల్ చేసిన పాపం మోసింది.

సాఫ్ట్‌వేర్ దిక్కు చూసింది కూడ చెప్తా, ఎందుకంటే చాలమందికి పైసా ఖర్చు లేకుంట ఇక్కడనే సగం బాగైతది. టైమ్‌షిఫ్ట్ అని మింట్‌ల సిస్టం కాపీలు తీసే సాధనం ఒకటుంటది. మా అక్క కొడుకు జాగ్రత్త ఎక్కువై గంటకోసారి తియ్యాలని పెట్టిండు, అది కూడ అదే డిస్క్ మీద. సిస్టం కోసం కోసిన 40 జీబీ భాగం 96 శాతం నిండి ఉన్నది, పైగ గంట గంటకు డిస్క్‌ను గీరుతున్నది. దాన్ని వారానికోసారి చేసి, కాపీలు పాత హార్డ్ డిస్క్ మీదికి పంపిండు. క్రోమ్‌ల షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తది, ఏ ట్యాబ్ ఎంత తింటున్నదో అండ్ల పేరుతో సహా కనిపిస్తది. ఏదో కూపన్లు చూపెట్టే ఎక్స్‌టెన్షన్ ఒకటి ఊకెనే సీపీయూ తింటున్నది, తీసిపారేసినం. క్రోమ్‌ల మెమరీ సేవర్ ఆన్ చేసినం, వాడని ట్యాబ్‌లు ర్యాం ఇడిచిపెడ్తయి. ఒక ముచ్చట మాత్రం గుర్తువెట్టుకోవాలె: ఫారం సగం నింపి ఇడిచిన ట్యాబ్ మల్ల లోడ్ అయితే నింపింది పోవచ్చు. అందుకని నేను వాడే ఫారాల సైట్లను దాంట్ల మినహాయింపుల పెట్టిచ్చుకున్న.

వేడి చూసిండు, 60 డిగ్రీల దగ్గర ఉన్నది, దుమ్ము ఊది ఇడిచిపెట్టిండు. గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగనే ఉన్నది. యూట్యూబ్‌ల అందరు చెప్పే స్వాపీనెస్ (స్వాప్‌కు ఎంత మొగ్గాలె అన్న సెట్టింగు) తగ్గిచ్చుడు గురించి అడిగిన, మామూలుగ 60 ఉంటది, 10 చెయ్యమంటరు కద అని. "అది మార్చితే ర్యాం పుట్టదక్కా, ఏది ముందు బయటికి తోలాలె అన్నదే మారుతది. నీకు ర్యాం వచ్చినంక దాంతోని పనే లేదు," అని ముట్టుకోలే. నిజంగనే ఇప్పుడు స్వాప్ సున్న చూపెడ్తది, బగ్గ గిరాకీ ఉన్న రోజు కూడ.

మొత్తం ఖర్చు: కేబుల్ 80, ర్యాం 650, ఎస్ఎస్‌డీ 2,300, కూలి 500. చిల్లర ఇడిచిపెట్టి 3,500 తీసుకున్నడు. బూట్ అయ్యి క్రోమ్ తెరిచేదాక రెండు నిమిషాల పైన పట్టేది, ఇప్పుడు అర నిమిషం లోపట. అదే ట్యాబ్‌లు, అదే స్కానర్ పెట్టి టాప్ చూస్తే డబ్ల్యూఏ ఒకటో రెండో.

ఇగ తిట్ల భాగం. ఎస్ఎస్‌డీ మీద మింట్ కొత్తగ వేసి నా ఫైళ్లు తెచ్చిపెట్టిండు. ఫైళ్లు అన్ని వచ్చినయి, క్రోమ్ బుక్‌మార్కులు వచ్చినయి, నేను పెట్టుకున్న రామభద్ర, మండలి ఫాంట్లు కూడ వచ్చినయి. కని తెలుగు కీబోర్డు ఇన్‌స్క్రిప్ట్ అనే అక్షరాల అమరికల పెట్టి ఇచ్చిండు. నేను పేజ్‌మేకర్ల కాలం నుంచి ఆపిల్ అనే కీబోర్డు అమరిక మీద కొట్టేదాన్ని, డీటీపీ చేసిన చాలమంది అంతే. దుకాణం తెరిచి కూసుంటే "శ్రీ" కొట్టనీకి వేళ్లు పోయిన తాన ఇంకేదో పడ్తున్నది, ఎదురుంగ గిరాకీ, పెండ్లి పత్రిక ప్రూఫ్! భాషల టైపింగ్ నడిపే ఐబస్‌ల ఎం17ఎన్ ప్యాకేజీ వేసి తెలుగు ఆపిల్ ఎంచుకుంటే పని అయిపోతది, రెండు నిమిషాల ముచ్చట. కని ఇచ్చేముందు అడగాలె కద. డబ్బా దింపిన్నాడు నా చేత పని చేయించి చూసిన మనిషి, తిరిగి ఇచ్చేటప్పుడు ఎందుకు చేయించలే?

ప్రింటర్ కూడ అంతే. నాది హెచ్‌పీ లేజర్. దానికి హెచ్‌పీలిప్ అనే డ్రైవర్ ఒక్కటే చాలదు, పైన ఒక ప్లగిన్ దింపుకోవాలె. దుకాణంల నా ప్రింటర్ లేదు కాబట్టి పరీక్ష చెయ్యలే. స్కానర్ తెమ్మన్నోడు ప్రింటర్ కూడ తెమ్మంటే అయిపోవు. ఇంటికొచ్చినంక ఫోన్ చేస్తే ఎత్తలే, వాట్సాప్‌ల వాయిస్ మెసేజ్ పెడితే రాత్రి పది దాటినంక జవాబు వచ్చింది. జవాబు మాత్రం పూర్తిగ, ఒక్కొక్క మెట్టు చెప్పుకుంట పంపిండు. నేనే చేసుకున్న.

చెప్పకుంట ఒక పని చేసిండు, అది నాకు నచ్చలే. విండోలకు నీడలు, పారదర్శకం ఇచ్చే కంపోజిటర్‌ను బంద్ పెట్టిండు, వేగం కోసమని. నా మిషన్‌ల దాంతోని వీడియో నడుస్తుంటే బొమ్మ నడిమిట్ల అడ్డంగ తెగినట్టు కనబడుతుండె. సెట్టింగ్స్‌ల విండో మేనేజర్ ట్వీక్స్‌ల కంపోజిటర్ మల్ల ఆన్ చేసుకున్న, వేగంల నాకేం తేడా తెల్వలే. 8 జీబీల ఆ నీడల బరువు ఎంత, నూరు ఎంబీ కూడ ఉండదు.

ఇంకోటి, నాలెక్క సెంటర్లు నడిపేటోళ్లు ఇది చూసుకోండ్రి. నా డిస్క్ నిండ జనాల ఆధార్లు, బ్యాంకు పాస్‌బుక్కులు. డబ్బా రాత్రికి అక్కడ ఇడిచిపెట్టాల్నంటే పాస్‌వర్డ్ ఒక చిట్టీ మీద రాసి డబ్బాకు అతికిస్తరు, అక్కడున్న డబ్బాలన్నిటికి గట్లనే ఉన్నయి, వచ్చిపోయేటోళ్లందరికి కనిపిస్తయి. నేను గిరాకీ ఫైళ్లు బయటి డిస్క్‌కు ఎత్తుకుని, ఇక్కడియి తీసేసి, పాస్‌వర్డ్ మార్చి ఇచ్చిన. ఆయన మీద అనుమానం లేదు, మనిషి మంచోడు. చిట్టీ పద్ధతే మంచిది కాదు. చెప్తే "నిజమే అక్కా" అన్నడు, మల్ల పోయినప్పుడు చిట్టీలు అట్లనే ఉన్నయి.

ఎవరు పోవచ్చు అంటే: డెస్క్‌టాప్‌ల ఉబుంటు గాని మింట్ గాని ఉండి, ఎందుకు స్లో అయిందో తెల్వక కొత్తది కొందామా అని ఊగేటోళ్లు తప్పకుంట ఓసారి చూపెట్టుకోండ్రి. చూసినందుకు 150 తీసుకుంటడు, పని చేయించుకుంటే అది కూలిల కలుపుతడు. లాప్‌టాప్ బోర్డు పనులు ఆయన చెయ్యడు, చెయ్యనని ముందే చెప్తడు. అర్జెంటు అంటే మాత్రం వేరే తానకు పోండ్రి. ఈయన తాన ఒక్కొక్కటి మార్చి, వాడి చూసి, మల్ల రమ్మంటడు. జడ్చర్ల, నారాయణపేట కెళ్లి వచ్చేటోళ్లకు ఆ తిరుగుడు బరువే అయితది. ఫోన్ చెయ్యకుంట పోవద్దు, మధ్యాహ్నం తినే టైంల షటరు సగం దింపి ఉంటది.

పోయేటప్పుడు ప్రింటర్, స్కానర్, మీ కీబోర్డు రకం ఏందో రాసిన కాగితం, అన్ని పట్టుకపోండ్రి. డబ్బా తీసుకునేటప్పుడు అక్కడనే కూసోని మీ పని ఒకటి చేసి చూసుకున్నంకనే పైసలియ్యండ్రి. ఫోన్‌పే ఉన్నది, బిల్లు అడిగితేనే ఇస్తడు. ఎస్ఎస్‌డీ వారంటీకి ఆ బిల్లు కావాలె, మర్చిపోవద్దు.